శస్త్రచికిత్సకు ముందు ఆ చిన్న మాత్ర

నొప్పిని తగ్గించే మాత్ర నెత్తురు గడ్డకట్టే తీరును కూడ మారుస్తుంది. ఆ మార్పు కొన్ని గంటలుంటుందా, కొన్ని రోజులుంటుందా అన్నది మందునుబట్టి ఉంటుంది. ఈ సంగతి తెలిసిన రోగి తన శస్త్రవైద్యునికి సగం పని తేలిక చేసినట్లే.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో గ్లెండేల్ అనే పట్టణం ఉంది. 1940 దశకంలో అక్కడ లారెన్స్ క్రేవెన్ అనే వైద్యుడు ప్రాక్టీసు చేస్తుండేవాడు. ఆయనకు పెద్ద ప్రయోగశాల కాని, పరిశోధక బృందం కాని లేవు. గొంతులోని టాన్సిల్స్‌ను తొలగించడం ఆయన చేసే చికిత్సలలో ఒకటి. ఆ శస్త్రచికిత్స జరిగిన తరువాత గొంతునొప్పికి ఉపశమనంగా ఆస్పిరిన్ కలిపిన చూయింగ్ గమ్ నమలడం ఆ రోజుల్లో అక్కడ వాడుకలో ఉండేది.

ఆయన రోగులలో కొందరికి గాయం మానవలసిన సమయంలో మళ్ళీ రక్తస్రావం మొదలయ్యేది. ఆసుపత్రిలో చేర్చవలసిన పరిస్థితి కూడ వచ్చేది. క్రేవెన్ ఆ రోగుల సంగతులు జాగ్రత్తగా విచారించాడు. ఎక్కువగా నెత్తురు పోయినవారు ఆస్పిరిన్ గమ్‌ను కూడ ఎక్కువగా నమిలినవారేనని ఆయనకు తోచింది. అనుమానం తీర్చుకోవడానికి ఆయన తనమీదనే ప్రయోగం చేసుకున్నాడు. రోజుకు 12 ఆస్పిరిన్ మాత్రల చొప్పున మ్రింగితే, అయిదు రోజులలో ముక్కునుండి నెత్తురు ధారగా కారింది.

అయితే ఆయన అక్కడితో ఆగలేదు. గొంతులో నెత్తురు గడ్డకట్టకుండా చేసిన మందు, గుండె రక్తనాళంలో గడ్డ ఏర్పడకుండా కూడ చేయవచ్చు గదా అని ఆలోచించాడు. నడివయస్సు దాటిన పురుషులకు ఆస్పిరిన్ ఇవ్వడం ప్రారంభించి, 1950 నుండి 1956 వరకు చిన్న వైద్య పత్రికలలో తన అనుభవాలను ప్రకటించాడు. చివరి వ్యాసం నాటికి ఆయన పరిశీలించినవారి సంఖ్య సుమారు 8,000. కాని పోల్చి చూడడానికి మందు ఇవ్వని మరొక వర్గం లేకపోవడంవల్ల శాస్త్రలోకం ఆయన మాటను లెక్కచేయలేదు. 1957లో క్రేవెన్ కన్నుమూశాడు. ఆయన ఊహ సరియైనదేనని నిస్సందేహంగా తేలడానికి మరి మూడు దశాబ్దాలు పట్టింది.

ఈనాడు కోట్లాది హృద్రోగులు రోజూ ఉదయమో రాత్రో ఒక చిన్న ఆస్పిరిన్ మాత్ర వేసుకోవడం వెనుక ఉన్న గుణం, ఆ టాన్సిల్ రోగులకు నెత్తురు ఆగకుండా చేసిన గుణం ఒక్కటే. గుండెకు మేలు చేసే ఆ గుణమే కత్తి తగిలినచోట కీడు చేయవచ్చు. ఆస్పిరిన్ ఒక్కటే కాదు. కీళ్ళ నొప్పులకు, నడుము నొప్పికి, పంటి పోటుకు మనం వాడే మాత్రలలో చాలా వాటికి ఎంతో కొంత ఈ గుణం ఉంది.

నెత్తురు ఎలా ఆగుతుంది?

కూరగాయలు తరుగుతున్నప్పుడు వేలు తెగితే, కాసేపు అదిమిపట్టుకుంటాము; నెత్తురు ఆగిపోతుంది. ఆ కొద్ది నిమిషాలలో శరీరం చేసే పని సామాన్యమైనది కాదు. మొదట తెగిన రక్తనాళం కుంచించుకుపోతుంది. వెంటనే నెత్తురులోని రక్తఫలకికలు, అంటే మనం ప్లేట్‌లెట్లు అని వింటున్న సూక్ష్మకణాలు, అక్కడికి చేరి గోడకు అతుక్కుంటాయి. ఆ తరువాత నెత్తురులోని ప్రొటీన్లు ఒకదానినొకటి ప్రేరేపించుకొని, ఫైబ్రిన్ అనే దారాల వల అల్లి ఆ అడ్డుకట్టను గట్టిపరుస్తాయి.

నెత్తురు ఆగడంలో ఈ ఫలకికల పాత్రను 1882లో ఇటలీలోని ట్యూరిన్‌లో జూలియో బిజొజెరో అనే శాస్త్రజ్ఞుడు స్పష్టంగా వివరించాడు. ఆరోగ్యవంతుని నెత్తురులో, ఒక్క మైక్రోలీటరులో, ఇవి లక్షా యాభైవేల నుండి నాలుగు లక్షల యాభైవేల వరకు ఉంటాయి. ఒక్కొక్కదాని వ్యాసం మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు రెండు మూడు రెట్లు మాత్రమే. ఎముకల మూలుగలో పుట్టి, ఏడు నుండి పది రోజులు జీవించి, నశిస్తాయి. ఇవి నిజానికి పూర్తి కణాలు కావు. పెద్ద కణంనుండి విడివడిన తునకలు. వీటికి కేంద్రకం ఉండదు. ఈ చిన్న విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. కథంతా దీనిమీదనే నడుస్తుంది.

గోడకు అతుక్కున్న మొదటి ఫలకిక ఊరకనే ఉండదు. త్రాంబాక్సేన్ అనే రసాయనాన్ని విడుదల చేసి, దారినపోయే తోటి ఫలకికలను కేకవేసి పిలుస్తుంది. ఆ పిలుపు అందుకున్నవి వచ్చి గుమిగూడుతాయి. పిలుపు లేకపోతే గుంపు పలుచబడుతుంది, అడ్డుకట్ట ఆలస్యమవుతుంది. నొప్పి మాత్ర చేసే పని ఈ పిలుపును నొక్కివేయడమే.

లండన్‌లో తేలిన రహస్యం

విల్లో అనే చెట్టు బెరడు జ్వరాన్ని తగ్గిస్తుందని 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అనే ఆంగ్ల మతాచార్యుడు లండన్‌లోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాశాడు. దాని సారానికి సంబంధించిన రసాయనాన్ని 1897లో జర్మనీలోని బేయర్ సంస్థలో ఫెలిక్స్ హాఫ్‌మన్ శుద్ధమైన రూపంలో తయారుచేశాడు. 1899లో అది ఆస్పిరిన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. ప్రపంచమంతటా జనం దానిని వాడుతున్నా, అది ఎలా పనిచేస్తుందన్నది మాత్రం డెబ్బై ఏళ్ళకు పైగా ఎవరికీ తెలియలేదు.

1971లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో పరిశోధన చేస్తున్న జాన్ వేన్ ఆ రహస్యం ఛేదించాడు. శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలున్నాయి. దెబ్బ తగిలినచోట వాపునూ, నొప్పినీ, జ్వరాన్నీ పెంచేవి ఇవే. వీటిని తయారుచేసే ఎంజైమ్ పేరు సైక్లో ఆక్సిజనేస్. ఆస్పిరిన్, దాని తరహా మందులు ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయని వేన్ నిరూపించాడు. 1975లో స్టాక్‌హోమ్‌లో బెంగ్ట్ శామ్యుయెల్సన్ బృందం, ఫలకికలు విడుదలచేసే త్రాంబాక్సేన్ కూడ ఈ ఎంజైమ్ ద్వారానే తయారవుతుందని కనుగొన్నది. ఈ పరిశోధనలకు వేన్, శామ్యుయెల్సన్, సూనే బెర్గ్‌స్ట్రోమ్‌లకు 1982లో నోబెల్ బహుమతి లభించింది.

అంటే నొప్పిని పుట్టించే పదార్థమూ, నెత్తురు ఆపడానికి పిలుపునిచ్చే పదార్థమూ ఒకే కార్ఖానాలో తయారవుతున్నాయి. నొప్పికోసం కార్ఖానా మూయిస్తే పిలుపు కూడ ఆగిపోతుంది. ఈ ఎంజైమ్ తయారుచేసే పదార్థాలే కడుపు లోపలి పొరను ఆమ్లంనుండి కాపాడుతాయి. ఈ మాత్రలు అతిగా వాడినవారికి కడుపులో పుండ్లు పడి నెత్తురు పోవడానికి కారణమిదే.

విరిగిన తాళంచెవి

ఇక అసలు సంగతి. ఈ మందులన్నీ ఒకే ఎంజైమ్‌ను అడ్డుకుంటున్నా, అడ్డుకునే విధానంలో భేదముంది. శస్త్రచికిత్సకు ఎన్ని రోజుల ముందు ఏ మాత్ర మానాలన్న లెక్కంతా ఈ భేదంమీదనే ఆధారపడి ఉంది.

ఎంజైమ్‌ను ఒక తాళం అనుకోండి. ఐబుప్రోఫెన్ వంటి మందు ఆ తాళంలో దూర్చిన తప్పుడు చెవివంటిది. అది ఉన్నంతసేపు సరియైన చెవి దూరదు; తీసివేస్తే తాళం మామూలుగా పనిచేస్తుంది. ఆస్పిరిన్ అలా కాదు. అది తాళంలో విరిగిపోయిన చెవి. తన అణువులోని ఒక భాగాన్ని ఎంజైమ్‌కు శాశ్వతంగా అతికించి వెళ్ళిపోతుంది. ఆ తాళం ఇక తెరచుకోదు.

శరీరంలోని ఇతర కణాలకు ఇది పెద్ద నష్టం కాదు. పాత ఎంజైమ్ చెడితే, కేంద్రకంలోని సూచనల ప్రకారం క్రొత్తదానిని తయారుచేసుకుంటాయి. ఫలకికకు కేంద్రకం లేదని చెప్పుకున్నాము గదా! దానికి క్రొత్త తాళం తయారుచేసుకునే శక్తి లేదు. ఆస్పిరిన్ తాకిన ఫలకిక తన ఏడెనిమిది రోజుల జీవితమంతా మూగదై తిరుగవలసిందే.

ఇక్కడ ఒక విచిత్రముంది. ఆస్పిరిన్ నెత్తురులో నిలిచి ఉండే కాలం చాలా తక్కువ. సుమారు 15 నుండి 20 నిమిషాలలో సగం తరిగిపోతుంది. ఉదయం వేసుకున్న మాత్ర ఆనవాలు సాయంత్రానికి నెత్తురులో దాదాపు ఉండదు. అయినా దాని ముద్ర వారం దాటి ఉంటుంది. “నిన్ననే గదా ఒక్కటి వేసుకున్నాను, ఈపాటికి దిగిపోయి ఉంటుంది” అనుకోవడం ఆస్పిరిన్ విషయంలో పొరపాటు. మూలుగలోనుండి రోజుకు పదవ వంతు చొప్పున క్రొత్త ఫలకికలు వస్తూ ఉంటాయి. మూడు నాలుగు రోజులకు వాటి సంఖ్య మూడవ వంతుకు చేరి, నెత్తురు ఆగే శక్తి చాలావరకు తిరిగి వస్తుంది. పూర్తిగా మామూలు స్థితికి రావడానికి ఏడు నుండి పది రోజులు పడుతుంది. గడచిన మూడు రోజులలో ఆస్పిరిన్ వాడిన దాతల నెత్తురునుండి రక్తనిధులవారు ఫలకికలను వేరుచేయకపోవడానికి కారణం కూడ ఇదే.

ఒక్కొక్క మందుకు ఒక్కొక్క గడువు

తక్కిన నొప్పి మందులు ఫలకికలమీద శాశ్వతమైన ముద్ర వేయవు కనుక, మందు ఒంటిలో ఎంతకాలముంటే వాటి ప్రభావం సుమారు అంతకాలమే ఉంటుంది. నెత్తురులో మందు పరిమాణం సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. అర్ధాయువుకు అయిదు రెట్ల కాలం గడిస్తే మందు దాదాపుగా పోయినట్లే. ఈ లెక్క వైద్యులకు మంచి కొలబద్ద.

ఐబుప్రోఫెన్ అర్ధాయువు సుమారు రెండు గంటలు. ఆరోగ్యవంతులలో చివరి మాత్ర తరువాత 24 గంటలలో ఫలకికలు మామూలుగా పనిచేస్తాయి. మన దేశంలో బ్రూఫెన్ పేరుతో తెలిసిన మందు ఇదే. కాంబిఫ్లామ్‌లో ఇది పారసిటమాల్‌తో కలిసి ఉంటుంది. డైక్లోఫెనాక్, అంటే వోవెరాన్ వంటి మాత్రలలోనిది, ఇంచుమించు ఇదే తరగతికి చెందుతుంది. నాప్రోక్సెన్ అర్ధాయువు 12 నుండి 17 గంటలు. దానికి మూడు నాలుగు రోజులు కావాలి. మెలాక్సికామ్‌కు ఇరవై గంటలు. లెక్క ప్రకారం నాలుగు రోజులు. పైరాక్సికామ్ అర్ధాయువు సుమారు 50 గంటలు. అది పూర్తిగా వెళ్ళిపోవడానికి పది రోజుల వరకు పడుతుంది. వృద్ధులలోను, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలోను ఈ గడువులు ఇంకా పొడుగు కావచ్చు.

అందుచేతనే “నొప్పి మాత్ర వేసుకున్నానండీ” అన్న మాట వైద్యునికి చాలదు. ఏ నొప్పి మాత్ర అన్నది తెలియాలి. నొప్పి మాత్రే అయినా ఒకటి ఒక్క రోజులో పోతుంది, మరొకటి పది రోజులు ఉంటుంది.

పారసిటమాల్ సంగతి వేరు. క్రోసిన్, డోలో వంటి పేర్లతో వచ్చే ఈ మందు నొప్పిని, జ్వరాన్ని తగ్గిస్తుంది కాని, మామూలు మోతాదులో ఫలకికలను చెప్పుకోదగినంతగా బాధించదు. శస్త్రచికిత్సకు ముందు రోజులలో నొప్పి భరించలేనివారికి వైద్యులు తరచు దీనినే సూచించడానికి కారణమిదే. డెంగీ జ్వరంలో కూడ ఇదే సూత్రం. ఆ జ్వరంలో ఫలకికల సంఖ్య పడిపోతుంది. ఉన్నవాటిని కూడ మూగవాటిని చేసే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్‌లు వాడరాదని, పారసిటమాల్ మాత్రమే తగిన మోతాదులో వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది.

సైక్లో ఆక్సిజనేస్‌లో రెండు రకాలున్నాయని 1990 దశకం తొలినాళ్ళలో తేలింది. ఫలకికలలో ఉండేది మొదటి రకం. వాపు ఉన్నచోట విజృంభించేది రెండవ రకం. రెండవదానిని మాత్రమే అడ్డుకునే సెలెకాక్సిబ్ వంటి మందులు అప్పుడు వచ్చాయి. ఇవి ఫలకికల పిలుపును ఆపవు. అయితే వీటిని పూర్తిగా నిరపాయకరమనడానికి వీలులేదు. ఇదే తరగతికి చెందిన రోఫెకాక్సిబ్ గుండెపోటు ప్రమాదాన్ని పెంచుతున్నదని తేలడంతో 2004లో దానిని మార్కెట్టునుండి ఉపసంహరించారు.

పరీక్షలలో కనబడని దోషం

“ఆపరేషనుకు ముందు రక్తపరీక్షలన్నీ చేశారు గదా, దోషముంటే తెలియదా?” అని పాఠకులకు సందేహం కలుగవచ్చు. న్యాయమైన సందేహమే. కాని సమాధానం నిరాశాజనకం.

ఫలకికల సంఖ్యను లెక్కించే పరీక్షలో ఆస్పిరిన్ ప్రభావం కనిపించదు. ఎందుకంటే సంఖ్య తగ్గలేదు, అవి మూగవోయాయి, అంతే. ప్రోత్రాంబిన్ కాలం వంటి పరీక్షలు రక్తస్కందన ప్రొటీన్లను పరీక్షిస్తాయి. ఫలకికల పనితనం వాటికి పట్టదు. ఇక మిగిలింది, చర్మంమీద చిన్న గాటు పెట్టి నెత్తురు ఎంతసేపటికి ఆగుతుందో చూసే బి.టి. పరీక్ష. ఆస్పిరిన్ ఈ కాలాన్ని పొడిగిస్తుందని 1960 దశకంలోనే ఋజువైంది. కాని గాటు లోతునుబట్టి, చర్మాన్నిబట్టి, పరీక్షించే చేతినిబట్టి ఈ ఫలితం మారుతుంది. దానినిబట్టి శస్త్రచికిత్సలో ఎంత నెత్తురు పోతుందో ముందుగా చెప్పలేమని 1998లో అమెరికాలోని ప్రయోగశాలా వైద్యనిపుణుల సంఘాలు స్పష్టంచేశాయి.

కనుక యంత్రం పట్టలేని దోషాన్ని పట్టగలిగేది ఒకే ఒక సాధనం: రోగి నోటిమాట.

ఆ మాట చాలాసార్లు బయటికి రాదు. రోగి దాచాలని కాదు. మోకాలి చిప్ప మార్పిడికి వచ్చిన ఒక పెద్దావిడను ఊహించండి. “ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?” అని వైద్యుడు అడుగుతాడు. “బి.పి. మాత్ర ఒక్కటేనండీ” అంటుంది ఆమె. అది అబద్ధం కాదు. రోజూ క్రమం తప్పకుండా వేసుకునేదే ఆమె దృష్టిలో మందు. నొప్పి వచ్చినప్పుడు వీధి చివర మందుల షాపునుండి కుర్రవాడు తెచ్చిపెట్టే మాత్ర ఆమె దృష్టిలో మందే కాదు. అది కాఫీలాగా, అమృతాంజనంలాగా ఇంట్లో ఉండే వస్తువు. తలనొప్పికి నీటిలో కరగించి త్రాగే డిస్ప్రిన్ అంటే ఆస్పిరిన్ అనే ఆమెకు తెలియదు. జలుబుకు, ఒళ్ళునొప్పులకు వచ్చే కలగలుపు మాత్రలలో ఏమేమి కలిపారో అట్ట వెనుక చిన్న అక్షరాలు చదివితే తప్ప చదువుకున్నవారికి కూడ తెలియదు.

సంతలలోను, ప్రయాణాలలోను దొరికే కీళ్ళనొప్పుల పొడుల సంగతి మరీ ఘోరం. “మూలికలే, ఏమీ చేయవు” అని అమ్మే అటువంటి పొడులలో డైక్లోఫెనాక్‌వంటి మందులు, స్టీరాయిడ్లు రహస్యంగా కలిపిన సందర్భాలు మన దేశంలో బయటపడ్డాయి. పొట్లంమీద పేరు లేని మందుకు గడువు ఎవరు చెప్పగలరు?

మానడంలోనూ ప్రమాదమే

ఇంతవరకు చదివినవారు, “అయితే ఆపరేషను అనుకోగానే మాత్రలన్నీ మానేస్తే సరి” అనుకోవచ్చు. అది మరింత ప్రమాదకరమైన నిర్ణయం కావచ్చు.

గుండెపోటు వచ్చినవారిలో ఆస్పిరిన్ ప్రాణాలు నిలుపుతుందని 1988లో వెలువడిన ఐసిస్-2 పరిశోధన తేల్చింది. 17,187 మంది రోగులపై జరిగిన ఆ అధ్యయనంలో, అయిదు వారాలలో గుండె, రక్తనాళాల కారణంగా సంభవించే మరణాలు ఆస్పిరిన్‌వల్ల సుమారు 23 శాతం తగ్గాయి. క్రేవెన్ ఊహ అలా ఋజువైంది. ముఖ్యంగా గుండె రక్తనాళంలో స్టెంట్ అమర్చినవారికి ఈ మందులు ప్రాణరక్షకాలు. స్టెంట్ అనేది లోహపు జాలీ. దానిపై శరీరపు పొర పూర్తిగా పెరిగేవరకు ఫలకికలు దానిని గాయంగానే భావిస్తాయి. అప్పుడు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి హఠాత్తుగా మానితే జాలీలో నెత్తురు గడ్డకట్టి, నిమిషాలలో గుండెపోటు రావచ్చు. అందుకనే అత్యవసరం కాని శస్త్రచికిత్సలను స్టెంట్ అమర్చిన తరువాత ఆరు నెలలో, సంవత్సరమో వాయిదా వేస్తారు.

మరి మానాలా, కొనసాగించాలా? ఈ ప్రశ్నకు జవాబుకోసం భారతదేశంతో సహా 23 దేశాలలో 10,010 మంది రోగులపై పోయిజ్-2 అనే అధ్యయనం జరిగింది. వారందరికీ జరిగినవి గుండెకు సంబంధించని శస్త్రచికిత్సలు. సగంమందికి ఆస్పిరిన్, సగంమందికి మందులేని మాత్ర ఇచ్చారు. 2014లో ఫలితాలు వెలువడ్డాయి. నెల రోజులలో మరణించినవారు లేదా గుండెపోటు వచ్చినవారు ఆస్పిరిన్ వర్గంలో 7.0 శాతం, రెండవ వర్గంలో 7.1 శాతం, అంటే తేడా లేదు. తీవ్రమైన రక్తస్రావం మాత్రం ఆస్పిరిన్ వర్గంలో 4.6 శాతం, రెండవ వర్గంలో 3.8 శాతం. ఆస్పిరిన్ మేలు చేయకపోగా కొంత కీడు చేసిందన్నమాట.

కాని కథ అంతటితో ముగియలేదు. వారిలో గతంలో గుండె రక్తనాళాలను బెలూనుతోనో, స్టెంటుతోనో వెడల్పు చేయించుకున్న 470 మందిని విడిగా పరిశీలించిన ఫలితాలు 2018లో వచ్చాయి. వీరిలో ఆస్పిరిన్ వాడినవారిలో మరణమో, గుండెపోటో 6.0 శాతానికి కలిగితే, వాడనివారిలో 11.5 శాతానికి కలిగింది. ఒకే మాత్ర, ఒకే అధ్యయనం. రోగి మారితే తీర్పు మారింది.

శస్త్రచికిత్స స్వభావం కూడ ఈ తీర్పును మారుస్తుంది. పన్ను తీయించుకునేటప్పుడు కాస్త ఎక్కువసేపు నెత్తురు కారినా, దూదితో అదిమి, కుట్టువేసి ఆపవచ్చు. కంటి శుక్లాల శస్త్రచికిత్సలో పోయే నెత్తురు అత్యల్పం. ఇటువంటివాటికి గుండె రోగుల ఆస్పిరిన్‌ను సాధారణంగా ఆపరు. కాని మెదడులోను, వెన్నుపాము చుట్టూ ఉండే ఇరుకైన చోట్లలోను నాలుగు చుక్కల నెత్తురు చేరినా శాశ్వత నష్టం కలుగవచ్చు. చేతితో అదిమిపట్టే అవకాశం అక్కడ లేదు. అక్కడ ముందుగా మానడమే నియమం. ఈ రెండింటి నడుమ ఉన్న వందలాది శస్త్రచికిత్సలలో శస్త్రవైద్యుడు, మత్తు ఇచ్చే వైద్యుడు, హృద్రోగ నిపుణుడు కలిసి ఆలోచించి నిర్ణయించాలి. ఆరోగ్యవంతునికి ఒక నొప్పి మాత్రవల్ల కలిగే అదనపు రక్తస్రావం చాలా సందర్భాలలో స్వల్పమే. అదే మనిషి నెత్తురు పలుచబరచే ఇతర మందులు వాడుతున్నా, కాలేయమో మూత్రపిండాలో చెడి ఉన్నా, స్వల్పమనుకున్నది పెద్దది కాగలదు.

మీరు చేయవలసిన పని

శస్త్రచికిత్స నిశ్చయమైన రోజున రోగి, అతని కుటుంబం చేయవలసిన పనులు నాలుగే.

మొదటిది: గడచిన రెండు వారాలలో మ్రింగిన ప్రతి మాత్రనూ గుర్తుచేసుకోవాలి. తలనొప్పికి ఒక్కసారి వేసుకున్నదైనా సరే, నాటు పొడి అయినా సరే. పేరు గుర్తులేకపోతే మాత్రల షీట్లు, సీసాలు, పొట్లాలు ఒక సంచిలో వేసుకొని వెళ్ళి వైద్యుని బల్లమీద పెట్టాలి. చివరిసారి ఎప్పుడు వేసుకున్నారో తేదీతో సహా చెప్పాలి.

రెండవది: ఆ నొప్పి మాత్రలు ఎందుకు వాడుతున్నారో చెప్పాలి. గుండెకోసం రోజూ వేసుకునే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేరు, నడుము నొప్పికి అప్పుడప్పుడు వేసుకునే మాత్ర వేరు. స్టెంట్ వేయించుకున్నవారు ఏ నెలలో, ఏ సంవత్సరంలో వేయించుకున్నారో కాగితాలతో సహా చూపాలి.

మూడవది: పూర్వానుభవం చెప్పాలి. పన్ను తీయించుకున్నప్పుడు గంటలతరబడి నెత్తురు ఆగలేదా? ఒంటిమీద కారణం లేకుండా నల్లని మచ్చలు తేలుతున్నాయా? కాన్పులో విపరీతంగా నెత్తురు పోయిందా? కుటుంబంలో ఎవరికైనా ఇటువంటి బాధ ఉన్నదా? రక్తస్రావ ప్రమాదాన్ని కనిపెట్టడంలో ఈ ప్రశ్నలు అనేక పరీక్షలకన్న మిన్న.

నాలుగవది: దేనిని ఏ రోజున మానాలో, మళ్ళీ ఏ రోజున మొదలుపెట్టాలో కాగితంమీద వ్రాయించుకోవాలి. సొంతంగా మానరాదు, సొంతంగా కొనసాగించనూరాదు. ఆపిన మందును తిరిగి ఎప్పుడు ఆరంభించాలో అడగడం చాలామంది మరచిపోతారు. గుండెరోగికి ఈ మరపు ప్రాణాంతకం కావచ్చు.

మరొక చిన్న సూచన. గుండెకు ఆస్పిరిన్ వాడేవారు నొప్పికి ఐబుప్రోఫెన్ కూడ వేసుకుంటే, తాళంలో ముందుగా దూరిన తప్పుడు చెవి ఆస్పిరిన్‌ను లోపలికి రానీయదు. అప్పుడు గుండెకు అందవలసిన రక్షణ తగ్గుతుంది. ఈ విషయమై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లో హెచ్చరిక జారీచేసింది. రెండూ అవసరమైనవారు ఏది ముందు, ఏది వెనుక అన్నది వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

శస్త్రచికిత్స తరువాత నొప్పికి ఈ తరగతి మందులనే వైద్యులు తరచు ఇస్తారు. మార్ఫిన్‌వంటి తీవ్రమైన మత్తుమందుల అవసరాన్ని అవి తగ్గిస్తాయి. అందులో వైరుధ్యమేమీ లేదు. గాయం సంగతి, రోగి సంగతి తెలిసి, మోతాదు కొలిచి, కళ్ళముందుంచుకొని ఇచ్చే మందు వేరు. ఎవరికీ తెలియకుండా ముందురోజు రాత్రి మ్రింగిన మందు వేరు.

నొప్పి మాత్రను శత్రువుగా చూడవలసిన పని లేదు. శతాబ్దానికి పైగా అది మానవజాతి నొప్పిని తగ్గించింది. ఎన్నో గుండెలను ఆగకుండా నిలిపింది. నేటి శస్త్రవైద్యునికి చేతిలో సాధనాలున్నాయి, రక్తనిధిలో నెత్తురు ఉంది, ఏ మందుకు ఎంత గడువో లెక్క ఉంది. ఆయనకు తెలియనిదల్లా మీ ఇంటి అలమారాలో ఏముందన్నది. అది మీరు చెబితేనే ఆయనకు తెలుస్తుంది.